ఒళ్లు ఇక్కడ, మనసు ఎక్కడో: పాత గాయాల వల్ల మనసు తెగిపోయేవారు ఇంటి దగ్గర చేయవలసిన సాధన

"మేడమ్, డాక్టరు గారు నెలకొకసారి చూస్తారు. మిగతా ఇరవైతొమ్మిది రోజులు నేనేం చెయ్యాల?" నెల్లూరులో కౌన్సెలింగ్ చేసే నన్ను ఉదయగిరి వైపు నుంచి వచ్చేవారూ, కావలి నుంచి వచ్చేవారూ, ఒంగోలు అవతలి పల్లెల నుంచి వచ్చేవారూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. బస్సులో గంటల తరబడి ప్రయాణం చేసి వచ్చినవారికి నా ఎదుట దొరికేది ముక్కాలు గంట మాత్రమే. ఆ ముక్కాలు గంటలో చెప్పినది ఇంటికి వెళ్లేసరికి సగం మరచిపోవడం ఈ జబ్బు లక్షణాలలో ఒకటి కాబట్టి, అడిగినవారందరికీ విడివిడిగా చెప్పే మాటలను ఇక్కడ ఒకచోట వివరంగా రాస్తున్నాను.

ఈ వ్యాసం ఎవరి కోసమో ముందు చెప్పాలి. కావలికి బయలుదేరిన మనిషి ఒంగోలు బస్టాండులో తేలి, అక్కడికి ఎలా వచ్చారో చెప్పలేకపోవడం, అద్దంలో ముఖం తనది కాదనిపించడం, చుట్టూ ఉన్న మనుషులు పొగమంచు వెనుక ఉన్నట్లు కనిపించడం, తాము కొన్నట్లు గుర్తులేని చీర బీరువాలో ఉండటం, ఒక్కోసారి చిన్నపిల్లలా మాట్లాడారని ఇంట్లోవారు తరువాత చెప్పడం వంటివి మళ్లీ మళ్లీ జరుగుతూ, మానసిక వైద్యులు చూసి ఇది డిసోసియేషన్, అంటే మనసు తెగిపోవడం, అని నిర్ధారించిన పెద్దవారి కోసం ఇది. ఈ పరిస్థితిని మన జిల్లాలలో గాలి సోకిందనీ, మతి చెడిందనీ, అన్నిటికంటే దారుణంగా నటిస్తోందనీ అంటారు. నటన కాదని నేను గట్టిగా చెబుతున్నాను.

సిద్ధాంతం ఎక్కువ అవసరం లేదు. భరించలేని బాధ, ముఖ్యంగా చిన్నతనంలో, కాపాడవలసిన వారి చేతుల్లోనే, మళ్లీ మళ్లీ కలిగినప్పుడు మనసు ఆ బాధను ఒక పక్కకు నెట్టి, మిగిలిన మనిషిని బడికి పంపుతుంది, అన్నం తినిపిస్తుంది, నిద్రపుచ్చుతుంది. ఆనాడు ప్రాణం నిలిపిన ఆ ఏర్పాటు ప్రమాదం దాటిపోయిన తరువాత కూడా అలవాటుగా కొనసాగడమే ఇప్పటి ఇబ్బంది. ఫ్రాన్సు దేశపు పియర్ జానె 1889లో ప్రచురించిన పరిశోధనలో దీనిని వివరించారు. ముందు మనిషి నిలదొక్కుకోవాలి, తరువాతే పాత జ్ఞాపకాల జోలికి వెళ్లాలి, ఆ పైన జీవితాన్ని తిరిగి కలుపుకోవాలి అనే మూడు దశల వరుసకు కూడా ఆయన పనే మూలం. ఇక్కడ రాస్తున్నదంతా మొదటి దశ గురించే. మొదటి దశ అంటే అసలు వైద్యం మొదలయ్యే వరకు కూర్చునే వరండా అని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో మనిషి బతుకు మారేది చాలావరకు ఈ దశలోనే.

మొదలుపెట్టే ముందు

డిసోసియేషన్ అని మీకు మీరే నిర్ణయించుకుని ఈ సాధన మొదలుపెట్టవద్దు. మూర్ఛ, థైరాయిడ్ దోషం, రక్తంలో చక్కెర పడిపోవడం, తలకు తగిలిన దెబ్బ, తాగుడు కూడా మతి తప్పినట్లు చేయగలవు. ఒళ్లు బిగుసుకుని పడిపోయేవారికి మూర్ఛ ఉందో లేదో తేల్చడానికి మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ పరీక్ష అవసరం కావచ్చు. నెల్లూరు దర్గామిట్టలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఊళ్లో తెలిసిపోతుందని భయపడి చెన్నై దాకా వెళ్లి, రెండు సార్ల తరువాత దారి ఖర్చులు భరించలేక వైద్యం మానేసినవారు నాకు చాలామంది తెలుసు. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది కాబట్టి దగ్గరలో ఉన్న వైద్యుల వద్దకే ధైర్యంగా వెళ్లండి.

జొన్నవాడ కామాక్షమ్మ గుడిలోనో, కసుమూరు దర్గాలోనో, ఏ.ఎస్.పేట దర్గాలోనో కొన్ని రాత్రులు నిద్ర చేసి, ఆ తరువాత నా దగ్గరకు వచ్చేవారు కూడా ఉంటారు. వెళ్లవద్దని నేను ఎవరికీ చెప్పను, అక్కడ దొరికే నెమ్మది వారికి ఎంతో విలువైనది. జాతరలో, కొలుపులో అందరూ ఒప్పుకునే పద్ధతిలో వచ్చి పోయే పూనకం జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ కూడా అంగీకరిస్తుంది. తమ ఇష్టం లేకుండా మళ్లీ మళ్లీ వచ్చి, బతుకుకు అడ్డుపడి, బాధ పెట్టినప్పుడే అది వైద్యానికి సంబంధించిన విషయమవుతుంది. నా షరతులు మూడే: కొట్టడం, కట్టేయడం, మిరపకాయల పొగ పెట్టడం వంటివి ఎవరు చేసినా ఒప్పుకోకూడదు, పస్తులు ఉంచకూడదు, మాత్రలు ఆపకూడదు.

మిమ్మల్ని గాయపరచిన మనిషి ఇప్పటికీ అదే ఇంట్లో ఉండి, ఆ హింస ఇంకా జరుగుతూ ఉంటే ఈ సాధన కంటే ముందు మీ రక్షణ చూసుకోవాలి. మహిళలు 181కి, ప్రాణాపాయం ఉంటే ఎవరైనా 112కి ఫోన్ చేయండి. రోజూ దెబ్బలు పడే చోట మనసు తెగిపోకుండా ఉండాలని కోరడం అన్యాయం.

కావలసినవి

– రెండు వందల పేజీల పొడుగు నోట్‌బుక్కు ఒకటి, పెన్ను.
– రోజుకొక కాగితం చించే గోడ క్యాలెండరు, పెద్ద అంకెల గడియారం. ఫోనులో తేదీ చూసుకోవడం కంటే పొద్దున లేచి మీ చేతులతో నిన్నటి కాగితాన్ని చించడం ఎక్కువ పని చేస్తుంది.
– పోస్టుకార్డు అంత అట్ట ముక్క. దాని మీద మీ పేరు, మీ వయసు, మీరు ఉంటున్న ఊరు, మీతో ఉంటున్నవారి పేర్లు, "ఇక్కడ నాకు ఇప్పుడు ప్రమాదం లేదు" అనే వాక్యం రాయండి. ఆ వాక్యం నిజమైతేనే రాయండి.
– చేతిసంచి ఒకటి. అందులో వేళ్లతో తడిమే వస్తువు, వాసన చూసే వస్తువు, నోట్లో వేసుకునే వస్తువు ఉండాలి. ఒకరు మైపాడు తీరంలో ఏరుకున్న గవ్వ పెట్టుకున్నారు, ఇంకొకరు నిమ్మకాయ, మరొకరు ఎండు ఉసిరి ముక్కలు. పాత సంఘటనతో ఏ సంబంధమూ లేని వస్తువులను మాత్రమే ఎంచుకోండి. మల్లెపూల వాసన అందరికీ హాయిగా ఉంటుందనుకుని ఒకామెకు నేనే సూచించి, అదే ఆమెలో పాత బాధను కదిలించే వాసన అని తరువాత తెలుసుకుని క్షమాపణ చెప్పవలసి వచ్చింది.
– మీ పరిస్థితి తెలిసిన, నమ్మకమైన మనిషి ఒకరు. అక్క కావచ్చు, భర్త కావచ్చు, పక్కింటి పిన్ని కావచ్చు.
– రోజుకు ఇరవై నిమిషాలు, రోజూ అవే వేళల్లో.

జరిగిపోయిన దానిని వివరంగా రాయవలసిన అవసరం లేదు. ఇప్పుడు రాయకూడదు కూడా.

1. ఈ రోజులోకి రావడం

అన్నిటికీ ఆధారం ఇదే. మిగతా మెట్లు కుదరకపోయినా ఇది ఒక్కటి కుదిరితే మీరు సగం దారి నడిచినట్లే.

కుర్చీలో గానీ, అరుగు మీద గానీ కూర్చుని రెండు పాదాలు నేలకు ఆనించండి. కళ్లు తెరిచే ఉంచండి. అట్ట ముక్క మీద రాసినది మీ చెవికి వినపడేలా చదివి, దానికి ఈ రోజు తేదీ, వారం, వేళ కలపండి. ఆ తరువాత కంటికి కనిపించే అయిదు వస్తువులు, చేతికి తగిలే నాలుగు, చెవికి వినిపించే మూడు, ముక్కుకు తెలిసే రెండు, నాలుకకు తెలిసే ఒకటి వరుసగా చెప్పండి. పేరు చెప్పి వదిలేయకుండా ప్రతిదానికీ ఒక వివరం జోడించండి. "గోడ" అంటే చాలదు. "గోడ మీద మేకు, మేకుకు నీలం రంగు సంచి, సంచి పట్టీ ఒక పక్క చినిగింది" అన్నప్పుడు మనసు నిజంగా ఆ గోడ దగ్గరకు వస్తుంది.

రోజుకు మూడు సార్లు, బాగున్నప్పుడే చేయండి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఇదే: బాగున్నప్పుడు ఎందుకులే అని వదిలేసి, మతి జారుతున్న క్షణంలో మొదటిసారి ప్రయత్నించి, ఇది పని చేయదని తేల్చేస్తారు. ఈత రాని మనిషి వరద రోజున పెన్నలో దిగి నేర్చుకోలేడు.

రెండవ పొరపాటు కళ్లు మూసుకుని దీర్ఘంగా శ్వాస తీయడం. మామూలు ఆందోళనకు అది మంచిదే. మీలాంటి వారిలో కొందరు కళ్లు మూయగానే ఇంకా లోపలికి జారిపోతారు. జపమూ, ధ్యానమూ కూడా కొందరిని అలాగే చేస్తాయి. మీకు అలవాటైన శ్లోకమో, ప్రార్థనో, దువానో ఉంటే కళ్లు తెరిచి, గొంతు పైకెత్తి చదవండి.

మూడవది, బాధ పోవాలని ఆశించడం. ఈ సాధన వల్ల బాధ వెంటనే పోదు, బాధపడుతున్న మీరు ఏ తేదీన ఏ గదిలో ఉన్నారో మీకు తెలుస్తుంది. అంతవరకే దీని పని.

అయిదు, నాలుగు, మూడు అని లెక్క పెట్టడం కుదరనివారికి వేరే దారులు ఉన్నాయి. చల్లటి నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకోండి. నూరు నుంచి ఏడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టండి. నెల్లూరు నుంచి ఒంగోలు వరకు రైలు మార్గంలో వచ్చే స్టేషన్లను వరుసగా చెప్పండి: పడుగుపాడు, బిట్రగుంట, కావలి, సింగరాయకొండ... మధ్యలో వదిలినవి గుర్తు తెచ్చుకునే ప్రయత్నమే మిమ్మల్ని ఇక్కడ నిలబెడుతుంది. నొప్పి పుట్టించే మార్గాలు మాత్రం వద్దు. చెయ్యి కాల్చుకోవడం, గిల్లుకోవడం, గోడకు తల కొట్టుకోవడం తాత్కాలికంగా స్పృహ తెచ్చినట్లు అనిపించినా, చివరకు అవే మరొక గాయం అవుతాయి.

ఎలా సరిచూసుకోవాలి? చేసే ముందు, చేసిన తరువాత "నేను ఎంతవరకు ఇక్కడ ఉన్నాను?" అని మిమ్మల్ని మీరు అడిగి సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేయండి. మూడు నుంచి అయిదుకు వచ్చినా అది ఫలితమే. రెండు వారాల పాటు రోజూ చేసినా అంకె కదలకపోతే మీరు ఎంచుకున్న వస్తువులను మార్చి చూడండి, ఆ తరువాతే పద్ధతిని అనుమానించండి.

2. ముందు ఏం జరిగిందో గమనించడం

నోట్‌బుక్కులో పేజీని మూడు నిలువు గళ్లుగా గీయండి. మొదటి గడిలో వేళ, రెండవ గడిలో దానికి కాస్త ముందు చూసినది, విన్నది, వాసన వచ్చినది, మూడవ గడిలో మీకు ఏమైంది, ఎంతసేపటికి తేరుకున్నారు అన్నది రాయాలి. సాయంత్రం దీపాలు పెట్టే వేళ పది నిమిషాలు చాలు.

రెండు వారాలకే కొన్ని సంగతులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. గడియ వేసిన చప్పుడు, సారా వాసన, వెనుక నుంచి ఎవరో పేరు పెట్టి పిలవడం, ఇంటికి వచ్చే ఫలానా బంధువు. కొందరికి ఒక నెల మొత్తం బరువుగా ఉంటుంది. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదలో ఇల్లు మునిగిన ఒక కుటుంబంలోని పెద్దాయనకు ప్రతి కార్తీకంలోనూ వాన చప్పుడుతో పాటు అంతకంటే చాలా పాత సంగతి ఒకటి కదిలేది. రెండూ వేరు వేరని తెలుసుకోవడానికి ఆయనకు ఈ గళ్లే పనికొచ్చాయి.

మతి జారడానికి ముందు ఒళ్లు చెప్పే గుర్తులను కూడా రాయండి. చెవుల్లో హోరు, మనుషుల గొంతులు దూరం కావడం, వేళ్లు మొద్దుబారడం, చూపు ఒకే చోట నిలిచిపోవడం వంటి గుర్తులలో మీవి ఏవో తెలిస్తే, అవి కనిపించగానే మొదటి మెట్టు సాధన చేయవచ్చు.

హెచ్చరిక: రెండవ గడిలో "ఇది ఎందుకు కదిలించింది" అని తవ్వవద్దు. "మోటారు చప్పుడు" అని రాసి ఆపండి. రాత్రి పదకొండు గంటలకు నోట్‌బుక్కు తెరిచి బాల్యమంతా రాసుకుపోయి, తెల్లవారేసరికి ఆసుపత్రిలో చేరినవారిని చూశాను. నోట్‌బుక్కులో తమది కాని చేతిరాత కనిపిస్తే భయపడి చించివేయకుండా అలాగే ఉంచి, మీకు వైద్యం చేస్తున్నవారికి చూపండి. చదువు రానివారు ఫోనులో మాటలు రికార్డు చేసుకోవచ్చు, లేదా నమ్మకమైన మనిషితో రాయించుకోవచ్చు.

3. అప్పటిని, ఇప్పటిని వేరు చేయడం

మిమ్మల్ని కదిలించే సంగతులలో అన్నిటికంటే తేలికైనదానిని ఒకటి ఎంచుకోండి. తేలికైనది అని నొక్కి చెబుతున్నాను. అది ఎదురై, మీరు తేరుకున్న తరువాత, నోట్‌బుక్కులో ఎడమ పక్క "అప్పుడు" అనీ, కుడి పక్క "ఇప్పుడు" అనీ రాసి, తేడాలు మాత్రమే పూరించండి. తలుపు చప్పుడుకు బిగుసుకుపోయే ఒకామె ఇలా రాసుకున్నారు: "అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, ఇప్పుడు ముప్పై నాలుగు. అప్పుడు గడియ నాకు అందేది కాదు, ఇప్పుడు తాళంచెవి నా కొంగున ఉంది. అప్పుడు చెబితే నమ్మేవారు లేరు, ఇప్పుడు మా అక్క నమ్మింది." ఆ మూడు వాక్యాలను ఆమె తలుపు లోపలి వైపు అంటించారు. ఇంటికి వచ్చినవారికి అర్థం కాకుండా "9 – 34 – తాళం – అక్క" అని మాత్రమే కనిపిస్తుంది.

"అప్పుడు" గడిలో ఒక్క వాక్యానికి మించి రాస్తున్నారంటే జ్ఞాపకంలోకి దిగుతున్నారని అర్థం. పెన్ను కింద పెట్టి మొదటి మెట్టుకు వెళ్లండి. "ఇప్పుడు" గడిలో రాయడానికి నిజంగా ఏమీ దొరకకపోతే అది మీ లోపం కాదు. మీ ప్రస్తుత జీవితంలో మార్చవలసినది ఏదో ఉందని అది చెబుతోంది, దానిని కౌన్సెలర్‌తో మాట్లాడండి.

4. రోజుకు ఒక వరుస

నిద్ర చెడితే మిగతావన్నీ చెడతాయి. ఒకే వేళకు పడుకోండి, ఒకే వేళకు లేవండి. చీకటి కదిలించేవారు చిన్న దీపం ఉంచుకోవాలి, పీడకలతో లేచినప్పుడు మొదట కంటపడేలా అట్ట ముక్కను గోడకు అంటించుకోవాలి. మంచం ఉన్న దిక్కు, గది మార్చడం వల్ల కూడా కొందరికి మేలు జరిగింది. ఆకలి తెలియకపోవడం ఈ జబ్బులో మామూలు కాబట్టి ఆకలి కోసం ఎదురుచూడకుండా వేళకు తినండి. తాగుడు, గంజాయి పూర్తిగా మానాలి.

డిసోసియేషన్‌ను నేరుగా పోగొట్టే మాత్ర ఏదీ లేదు. వైద్యులు ఇచ్చేవి దిగులు, భయం, నిద్రలేమి తగ్గించడానికి. వాటిని మీ అంతట మీరు ఆపవద్దు. నిద్రమాత్రలు, మత్తు కలిగించే మాత్రలు వేసుకున్నప్పుడు మతి జారడం ఎక్కువైందని నోట్‌బుక్కు చెబితే ఆ పేజీనే డాక్టరుకు చూపండి.

5. భోషాణంలో పెట్టడం

పిల్లలకు అన్నం పెడుతుండగానో, పొలంలో నాట్లు వేస్తుండగానో పాత దృశ్యం ముందుకు వచ్చినప్పుడు దానిని అప్పటికప్పుడు చూడలేరు, తరిమివేయనూ లేరు. మీ అమ్మమ్మ ఇంట్లో ఉన్నలాంటి చెక్క భోషాణాన్ని ఊహించుకుని, ఆ దృశ్యాన్ని అందులో పెట్టి, మూత వేసి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. బ్యాంకు లాకరు ఊహకు బాగా వస్తే అదే వాడండి. ఫలానా తేదీన కౌన్సెలర్ ఎదుట తెరుస్తానని మనసులో మాట ఇవ్వండి, ఆ మాట తప్పవద్దు. మూసిన దానిని ఎప్పటికీ తెరవకుండా మరచిపోదామనుకుంటే మూత నిలవదు. చీకటి గదిలో బంధించిన అనుభవం ఉన్నవారికి పెట్టె ఊహ పనికిరాదు. వారు దృశ్యాన్ని టీవీ తెర మీద పెట్టి, శబ్దం తగ్గించి, ఆపివేసినట్లు ఊహించుకోవచ్చు.

6. లోపలి భాగాలతో మర్యాదగా మాట్లాడటం

తమ లోపల వేరు వేరు గొంతులు, వయసులు, ఇష్టాలు ఉన్నట్లు అనుభవించేవారికి, అందులోనూ వైద్యులు ఆ విధంగా నిర్ధారించినవారికి మాత్రమే ఈ మెట్టు. మిగిలినవారు దీనిని దాటి వెళ్లండి. లేనివాటిని వెతకడం మంచిది కాదు.

పాతకాలపు ఉమ్మడి కుటుంబాన్ని తలచుకోండి. ఒకరు ఎప్పుడూ కసురుకుంటారు, ఒకరు మూల గదిలో ఏడుస్తూ ఉంటారు, ఒకరు ఏమీ జరగనట్లు వంట చేస్తూ ఉంటారు. ఒకరితో ఒకరికి మాటలు లేవు. బయటివారికి మాత్రం అది ఒకే ఇల్లు, ఒకే ఇంటిపేరు. మీరు కూడా ఒకే మనిషి. ఆ భాగాలన్నీ మీవే, వాటిలో ఏది చేసిన పనికైనా బాధ్యత అందరిదీ.

వారానికి రెండు సార్లు, పగటిపూట, పది నిమిషాలు మాత్రమే కేటాయించండి. ముందు మొదటి మెట్టు చేసి, ఆ తరువాత నోట్‌బుక్కులో రేపటికి సంబంధించిన చిన్న విషయం ఒకటి అడగండి. "రేపు బ్యాంకుకు వెళ్లాలి. ఎవరికైనా భయంగా ఉందా? ఏం చేస్తే భయం తగ్గుతుంది?" జవాబుగా మాటో, బొమ్మో, కడుపులో తిప్పినట్లు అనిపించడమో రావచ్చు. వచ్చినది రాసి, కుదిరే కోరికను ఒప్పుకోండి. పాత సంగతులు అడగవద్దు.

తిట్టే గొంతును అణచివేయాలని దాదాపు అందరూ ప్రయత్నిస్తారు. "నువ్వు పనికిరావు, నోరు మూసుకో" అనే ఆ గొంతు, ఒకప్పుడు నోరు మూసుకుని ఉంటేనే దెబ్బలు తప్పిన ఇంట్లో మిమ్మల్ని కాపాడటానికి పుట్టినదై ఉండవచ్చు. "నన్ను దేని నుంచి కాపాడాలనుకుంటున్నావు?" అని అడిగి చూడండి. మొదటి కొన్ని వారాలు మరిన్ని తిట్లే రావచ్చు. మర్యాద తప్పకుండా కొనసాగిస్తే ఆ గొంతు మెత్తబడటం నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ నాకు కన్నీళ్లు వచ్చాయి. ఆ గొంతు చావమని గానీ, ఎవరినైనా చంపమని గానీ చెబుతుంటే ఈ మెట్టు ఆపి వెంటనే వైద్యులను కలవండి.

భాగాలకు కొత్త పేర్లు పెట్టడం, ఇంట్లోవారు వాటిని పిలిచి మాట్లాడించడం, బంధువుల ఎదుట చూపించడం వద్దు. గోడలు గట్టిపడతాయి.

7. ఆపద వేళకు ఒక కాగితం

ఒకే పేజీలో, పెద్ద అక్షరాలతో నాలుగు సంగతులు రాయండి: నాకు ఆపద దగ్గరపడుతోందని చెప్పే గుర్తులు, అప్పుడు నేను ఒంటరిగా చేయగలిగినవి, నేను పిలవవలసిన ఇద్దరు, ఫోన్ నంబర్లు. టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఈ ఉచిత సేవలో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడవచ్చు. అంబులెన్సుకు 108.

మన జిల్లాలలో పొలం ఉన్న ప్రతి ఇంట్లో పురుగుమందు ఉంటుంది. దానిని ఇంటి బయట, తాళం వేసి, తాళంచెవి మరొకరి దగ్గర ఉంచండి. మాత్రలు వారానికి సరిపడా మాత్రమే మీ దగ్గర పెట్టుకోండి. మతి జారడం తరచుగా ఉన్న రోజులలో బండి నడపడం, బావి దగ్గర, రొయ్యల గుంటల గట్టు మీద ఒంటరిగా పని చేయడం మానండి. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించాలనీ, శిక్షించకూడదనీ 2017 చట్టం చెబుతోంది. కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకువెళ్లడం ఆలస్యం చేయవద్దని ఇంట్లోవారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

8. ఇంట్లోవారికి చదివి వినిపించవలసినది

మీ మనిషి మతి జారినప్పుడు కాస్త దూరంగా, ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా చెప్పండి: "నువ్వు మన ఇంట్లో ఉన్నావు. నేను మీ అన్నను. ఈ రోజు బుధవారం. పాదాలు నేల మీద ఆనించు." అడగకుండా తాకవద్దు. ముఖం మీద నీళ్లు కొట్టడం, చెంప మీద కొట్టడం, చేతిలో ఇనుప తాళాలు పెట్టడం, చెప్పు వాసన చూపించడం, "నువ్వెవరు? చెప్పు!" అని గద్దించడం పూర్తిగా మానాలి. ఒళ్లు బిగుసుకుని కొట్టుకోవడం అయిదు నిమిషాలు దాటినా, దెబ్బ తగిలినా, అది మొదటిసారే అయినా 108కి ఫోన్ చేయండి. తేరుకున్న తరువాత "ఇందాక ఏమన్నావో తెలుసా?" అని నిలదీయకుండా మంచినీళ్లు ఇచ్చి, వేళ ఎంతయిందో చెప్పండి.

మళ్లీ మళ్లీ జరిగే పొరపాట్లు

అన్నిటిలోకీ ప్రమాదకరమైనది జ్ఞాపకాల వెంట పరుగెత్తడం. "అంతా ఒకసారి బయటకు కక్కేస్తే తేలికవుతుంది" అని చుట్టుపక్కలవారు ప్రేమతోనే సలహా ఇస్తారు. నిలదొక్కుకోకముందే కక్కించినప్పుడు మనిషి తేలికపడటానికి బదులు ఇంకా ముక్కలవుతారు. మరచిపోయినది రప్పిస్తామంటూ శిక్షణ లేనివారు చేసే హిప్నాటిజం దగ్గరకు వెళ్లవద్దు. అలాంటి చోట జరగనివి కూడా జరిగినట్లు మనసులో నాటుకుపోవచ్చు.

అన్ని మెట్లనూ ఒకే వారంలో ఎక్కాలనుకోవడం మరొకటి. మొదటి మెట్టుకు కనీసం మూడు వారాలు ఇవ్వండి. ఫోనులో ఇతరుల అనుభవాల వీడియోలు అదే పనిగా చూడటం కూడా చాలామందిని కదిలించి పడవేస్తోంది. ఒక రోజు మానేశారని మొత్తం వదిలేయవద్దు, మరునాడు క్యాలెండరు కాగితం చించి మళ్లీ మొదలుపెట్టండి.

ఫలితం ఎలా తెలుస్తుంది?

మొదటి నెలలో జబ్బు పెరిగినట్లు అనిపించవచ్చు. ఇంతకుముందు గమనించనివి ఇప్పుడు గమనిస్తున్నారు కాబట్టి లెక్క పెరుగుతుంది. అందుకని మొదటి నెలను రెండవ నెలతో పోల్చకుండా రెండవ నెలను నాలుగవ నెలతో పోల్చండి. నెలకొకసారి నోట్‌బుక్కు ముందు వేసుకుని లెక్కించండి: గుర్తులేని సమయం వారంలో ఎన్నిసార్లు, ఒక్కోసారి తేరుకోవడానికి ఎంతసేపు, ముందస్తు గుర్తును ఎన్నిసార్లు పట్టుకున్నారు, మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలనిపించిన రోజులు ఎన్ని, అనుకున్న పని పూర్తి చేసిన రోజులు ఎన్ని. సాధారణంగా ముందు తగ్గేది తేరుకునే సమయం, ఎన్నిసార్లు అన్న లెక్క ఆ తరువాత తగ్గుతుంది. ముప్పావు గంట పట్టేది పది నిమిషాలకు వచ్చిందంటే అది చాలా గట్టి ఫలితం.

డిసోసియేషన్ ఎంత ఉందో చూడటానికి వైద్యులు 28 ప్రశ్నల కొలత ఒకటి ఇవ్వవచ్చు. 1986లో వెలువడిన ఆ ప్రశ్నావళి సున్నా నుంచి నూరు వరకు అంకె ఇస్తుంది. సగటు ముప్పై దాటితే వివరంగా పరీక్షించాలని అర్థమే తప్ప జబ్బు నిర్ధారణ అయినట్లు కాదు. ఆ అంకెను రోజూ ఇంట్లో లెక్కకట్టుకోవలసిన పని లేదు.

ఏడుపు రావడం, కోపం రావడం మొదలైతే దిగజారుతున్నామని కంగారు పడవద్దు. ఇన్నాళ్లు మొద్దుబారి ఉన్నచోట స్పర్శ తిరిగి వస్తున్నప్పుడు అలా ఉంటుంది. ఇంట్లోవారు "ఈ మధ్య నెమ్మదిగా ఉంటోంది" అని సంతోషించడం ఒక్కటే కొలత కాదు. పూర్తిగా మొద్దుబారినప్పుడు కూడా మనిషి నెమ్మదిగానే కనిపిస్తారు.

ఈ దశ కొందరికి నెలలు, చాలామందికి సంవత్సరాలు పడుతుంది. పాత జ్ఞాపకాలను ఎదుర్కొనే రెండవ దశకు ఎప్పుడు వెళ్లాలో మీరూ, మీ వైద్యులూ కలిసి నిర్ణయించుకోవాలి. అసలు వెళ్లకుండానే ఉద్యోగం, సంసారం, నిద్ర చక్కబడి హాయిగా బతుకుతున్నవారు కూడా ఉన్నారు.

తరువాతి సారి ఆసుపత్రికి బయలుదేరే ముందు రోజు రాత్రి, నెల లెక్కలను ఒక పేజీలోకి ఎత్తి రాయండి. దాని వెనుక పక్క, ఏ మెట్టు కుదరలేదో, ఎక్కడ ఆగిపోయారో రాయండి. వైద్యుల ఎదుట కూర్చోగానే మాట పెగలకపోయినా, మతి జారినా, ఆ కాగితాన్ని వారి చేతిలో పెట్టండి. వెనుక పక్క ముందు చదవమని దాని మీదే రాసి ఉంచండి.